అరవై ఎనిమిది నాటి మిషన్

మా బావను అందరూ నిమిషం మాస్టారు అంటారు. ఎవరు ఏ వాచీ తెచ్చినా "ఒక్క నిమిషం కూర్చోండి" అంటాడు. ఆ నిమిషం ఎప్పుడైనా గంటకు తక్కువైతే నా చెవి కోసి ఇస్తాను. కూర్చున్నవాళ్లు విసుగొచ్చి దిక్కులు చూస్తుంటే, నేను గోడ మీది అక్షరాల అట్ట చూపించి, "ఊరికే కూర్చోవడమెందుకు, కళ్లు చూపించుకోండి" అంటాను. నా కళ్లద్దాల వ్యాపారం సగం ఆయన ఆలస్యం మీదే నడిచింది. ఈ మాట ఆయన ముందు మాత్రం చచ్చినా ఒప్పుకోను.

షాపు ఒకటే గది. ఎడమ సగం ఆయనది, కుడి సగం నాది, మధ్యలో గాజు బీరువా సరిహద్దు. మొదట్లో మొత్తం మా నాన్నది. వాచీ పనిలో నాన్న చేయి తిరిగినవాడు. నాకు చేతులు వణుకుతాయని, ఈ పనికి పనికిరానని పన్నెండో ఏటే తేల్చిపారేశాడు. తర్వాత పని నేర్చుకుంటానని ఈ బావ వచ్చాడు. పని నేర్చుకున్నాడు, నాన్న కుర్చీ సంపాదించాడు, చివరికి మా అక్కను కూడా కట్టుకున్నాడు. "ఒక్క వాచీ పగలగొట్టకుండా ఇంత సంపాదించినవాణ్ని నేనెక్కడా చూడలేదు" అని యాభై ఏళ్లుగా దెప్పుతూనే ఉన్నాను. ఆయన నవ్వి ఊరుకునేవాడు. ఆ నవ్వులో ఏదో ఉందని నాకేం తెలుసు?

ఆయన పని చేస్తుంటే చూడాలి. బల్ల మీద తెల్ల కాగితం, కాగితం మీద ఒకే ఒక వాచీ. రెండోది ఎంత తొందరదైనా సొరుగులోనే ఉండాలి. భూతద్దం కంటికి బిగించి, పట్టకారు చేతపట్టి, ఊపిరి కూడా పక్కకు తిప్పి వదులుతాడు. ఫ్యాను వేయకూడదు. నాకు తుమ్మొస్తే వీధిలోకి పోయి తుమ్మి రావాలి. ఎండాకాలంలో నా దగ్గరికొచ్చినవాళ్లు చెమటలు కక్కుకుంటూ అక్షరాలు చదువుతారు. పని పూర్తయ్యాక వెనక మూత లోపలివైపు సూదిమొనతో తన గుర్తు, తేదీ గీస్తాడు. ఈ పని చేసేవాళ్లంతా గీస్తారు. పాత వాచీ మూత తీస్తే లోపల అరడజను మంది చేతిగీతలు కనపడతాయి. బావ గీత పెట్టకుండా వాచీ ఇచ్చిన రోజు లేదని నేను ఎవరితోనైనా పందెం కాసేవాణ్ని.

పాత వాచీ ఏ కాలానిదో చెప్పడంలో ఆయనకు పెద్ద పేరు. తాతల నాటి వాచీలు పట్టుకుని ఎక్కడెక్కడినుంచో వస్తారు. వచ్చిన ప్రతివాడికీ ఒకటే ఉపన్యాసం. "వాచీని మూడుచోట్ల అడగాలండీ. మొహాన్ని నమ్మకూడదు, డయల్ ఎవరైనా మారుస్తారు, రంగు వేయిస్తారు. వెనక మూత సగమే చెప్తుంది. లోపలి మిషన్ మాత్రం అబద్ధమాడదు. దాని మీద నంబరు ఉంటుంది. ఆ నంబరు ఏ ఏడు పడిందో చూసుకుంటే సరి." ఏ కంపెనీ ఏ ఏడు ఏ నంబర్లు వేసిందో నాన్న నాటి నోటుబుక్కులో రాసి ఉంటుంది. ఈ ఉపన్యాసం నాకు కంఠతా వచ్చు. ఆయన చెప్తుంటే నేను బీరువా ఇవతలినుంచి పెదవులు కదుపుతూ వెక్కిరిస్తుంటాను.

నాన్నకు ఒకటే సూత్రం ఉండేది. "పగిలితే పగిలిందని చెప్పు. ఆ మనిషి రెండు తిట్లు తిట్టి పోతాడు. దాచావా, ఆ తిట్టు నీతోనే కాపురం పెడుతుంది." అక్కను బావకిచ్చి చేసినప్పుడు కూడా ఈ మాటే అన్నాడు. "వీడు దాచేవాడు కాదు. అందుకే ఇస్తున్నాను."

కిందటేడు వానలు మొదలైన రోజుల్లో, ఒక సోమవారం పొద్దున నర్సమ్మ వచ్చింది. పెద్దాసుపత్రిలో నలభై ఏళ్లు నర్సుగా పనిచేసి అప్పుడే రిటైరైంది. చత్వారం కళ్లద్దాలు నా దగ్గరే చేయించుకుంది కాబట్టి నాకు పరిచయం. అద్దాలు ఊడాయేమో అనుకుని నేను లేచాను. ఆవిడ నన్ను దాటి బావ బల్ల దగ్గరికి వెళ్లి, చేతిరుమాలు మడత విప్పి ఒక వాచీ పెట్టింది. స్టీలుది, మగవాళ్లది. బెల్టు బీటలు వారింది. డయల్ మీద అంకెలు పాత నెయ్యి రంగుకు తిరిగాయి.

"ఇది ఏ సంవత్సరందో చెప్పాలండీ. ఒక పెద్ద షాపులో అరవై ఎనిమిది అన్నారు. వాళ్లేమైనా పొరపాటు పడ్డారేమోనని మీ దగ్గరికి వచ్చాను" అంది.

"ఒక్క నిమిషం కూర్చోండమ్మా" అని బావ మూత తిప్పడం మొదలుపెట్టాడు.

నా నోట్లో నువ్వుగింజ నానదు కదా. "అరవై ఎనిమిదైతే మాత్రం ఏమమ్మా? వాచీ పాతబడేకొద్దీ మంచిదే" అన్నాను.

"మా నాన్న అరవై మూడులో పోయాడండీ."

నేను నోరు మూసుకున్నాను. ఆవిడే చెప్పింది. తండ్రి ఎక్కడో దూరాన కొండ తొలిచే పనిలో ఉండేవాడట. ఈవిడ కడుపులో ఉండగా వెళ్లాడు. పుట్టిన వారానికి ఒక్క పూట వచ్చాడు. బిడ్డను ఎత్తుకున్నాడు. వెళ్తూ వెళ్తూ చేతి వాచీ విప్పి "ఇది పిల్లకి" అని ఇచ్చిపోయాడు. నెల తిరక్కుండా అక్కడ రాళ్లు విరిగిపడి చనిపోయాడు. ఇదంతా వాళ్లమ్మ చెప్పిన మాట.

"నాన్న తరఫువాళ్లు ఒప్పుకోరండీ. కడుపులో ఉండగానే వదిలేసి పోయినవాడు పురిటికి వస్తాడా, వాడు రానేలేదు, ఆ వాచీ తర్వాతెప్పుడో కొని కథ అల్లింది అనేవాళ్లు. చిన్నప్పట్నుంచీ నేను వాళ్లతో దెబ్బలాడుతూనే ఉన్నాను. నాన్న గురించి నాకున్నదంతా ఆ ఒక్క పూటే కదా" అంది.

తల్లికి ఇప్పుడు ఎనభై రెండు. మంచాన పడింది. ఎప్పుడో ఆగిపోయిన ఆ వాచీ బాగుచేయించి తల్లి చేతికి పెడదామని నర్సమ్మ పెద్ద షాపుకు తీసుకెళ్లింది. అక్కడివాడు లోపల చూసి, అడక్కుండానే, ఇది అరవై ఎనిమిదిలో తయారైందని చెప్పాడు.

"అరవై మూడులో పోయినవాడు అరవై ఎనిమిది వాచీ ఎలా ఇస్తాడండీ? నాకు ఒళ్లు తెలియలేదు. ఇంటికెళ్లి, ఎందుకమ్మా ఇన్నేళ్లు అబద్ధం చెప్పావని అడిగేశాను. అంతే. ఆ రోజునుంచి నాతో మాట్లాడ్డం మానేసింది. నాలుగు నెలలు. పెడితే తింటుంది, ఒళ్లు తుడిస్తే తుడిపించుకుంటుంది. పక్కింటివాళ్లొస్తే కబుర్లు చెప్తుంది. నాతో మాత్రం ఒక్క మాట లేదు. గుండె బాగా బలహీనపడింది. ఎన్నాళ్లో ఉండదు, నాకు తెలుసు. ఇలాగే పోతుందేమోనని..." అని రుమాలు నలిపింది. "వాళ్లది పొరపాటని మీరు చెప్తే వెళ్లి కాళ్లు పట్టుకుంటాను. నిజమే అంటే ఏం చెయ్యాలో తెలీదు" అంది.

బావ వైపు చూశాను. అప్పటికి డయల్ ఊడదీసి చేతిలో పట్టుకున్నాడు. దాన్ని వెనక్కి తిప్పి చూస్తున్నాడు. తర్వాత తలెత్తకుండానే, "మిషన్ అరవై ఎనిమిదిదేనమ్మా. నంబరు అదే చెప్తోంది" అన్నాడు. "డయల్ కదిలిపోయింది, బిగించి పెడతాను. గురువారం రండి."

ఆవిడ ఖాళీ రుమాలును నాలుగు మడతలు పెట్టుకుని, మాకు దండం పెట్టి వెళ్లిపోయింది.

ఆయన ఉపన్యాసం చెప్పలేదు. ఆమెను గంట కూర్చోబెట్టలేదు. అన్నం డబ్బా కూడా విప్పలేదు. తేలు కుట్టిన దొంగలా ఆ డయల్ వైపు చూస్తూ కూర్చున్నాడు. మధ్యాహ్నం మూడు దాకా ఓపిక పట్టి, "ఏంటి బావా, దయ్యాన్ని చూశావా?" అన్నాను.

"ఇలా రారా" అని భూతద్దం నా చేతిలో పెట్టాడు. యాభై ఏళ్లలో ఆ భూతద్దం నన్ను ముట్టుకోనివ్వడం అదే మొదలు. డయల్ వెనక రెండు సన్న కాళ్లుంటాయి, అవి మిషన్‌లోని రెండు బెజ్జాల్లో కూర్చుంటాయి. దీనికి ఒక కాలే ఉంది. రెండోదాన్ని ఎవరో కత్తిరించేసి, ఆ చోట లక్కతో అతికించారు. లక్క ఎండి గోధుమరంగు పెళ్లలు కట్టింది.

"ఎవడో చవట పని చేశాడు" అన్నాను.

"ఆ చవటను నేనే" అన్నాడు.

డెబ్బై ఒకటిలో జరిగింది. ఆయనకు ఇరవై రెండేళ్లు. నాన్న సామాను కొనడానికి పక్క ఊరికి వెళ్లిన రోజు. ఎనిమిదేళ్ల పిల్లను వెంటబెట్టుకుని ఒకావిడ వచ్చి, ఆగిపోయిన వాచీ ఇచ్చి, "జాగ్రత్త బాబూ, ఇదొక్కటే ఉంది మాకు" అందట. కొత్త చేయి కదా, తన నేర్పు నాన్నకు చూపించాలని విప్పాడు. లోపల నిరంతరం ఇటూ అటూ ఊగే చక్రం ఒకటుంటుంది. దాని ఇరుసు వెంట్రుకంత ఉంటుంది. స్క్రూడ్రైవర్ జారి ఆ ఇరుసు విరిగింది. ఆ వారమే నాన్న అక్కను ఈయనకిచ్చి చేసే సంగతి అమ్మతో మాట్లాడుతున్నాడు. ఆ సంగతి ఈయనకు తెలుసు. నీళ్లలో పడి మొహం పాడైన వాచీ ఒకటి చెత్త డబ్బాలో ఉంది, అదే కంపెనీది, దీనికంటే కొత్తది. దాని మిషన్ బాగానే ఉంది. తీసి ఇందులో పెట్టేశాడు. డయల్ కాళ్లు ఆ బెజ్జాల్లో పట్టలేదు. ఒకటి కత్తిరించి అతికించేశాడు. నాన్న తిరిగొచ్చేసరికి వాచీ టిక్కుటిక్కుమంటోంది. ఆ ఒక్క వాచీ మూతలోనే తన గుర్తు గీయలేదు. గీయడానికి చెయ్యి రాలేదట.

"అబద్ధమాడినా అతికినట్టుండాలి అంటారు, నువ్వు నిజంగానే అతికించావన్నమాట" అన్నాను. నవ్వుతూ అందామనుకున్నాను కాని నవ్వు రాలేదు, కోపం వచ్చింది. "పొద్దున ఆమె మొహం మీద అబద్ధం చెప్పి పంపావు కదయ్యా!"

"అబద్ధం చెప్పలేదు. మిషన్ అరవై ఎనిమిదిదే."

"నీ మొహం! అది ఆమె వాచీ మిషన్ కాదని నీకు తెలీదా? ఆ ముసలావిడ బిడ్డతో మాట్లాడకుండా చచ్చిపోతే ఆ పాపం ఎవరికి చుట్టుకుంటుంది?"

డయల్‌ను కాగితంలో చుట్టి సొరుగులో పెట్టాడు. నాకైతే ఆ బీరువా ఎత్తి ఆయన నెత్తిన వేయాలనిపించింది. ఇన్నేళ్లూ ఈ మనిషి నిజాయితీని ఊరందరికీ డప్పు కొట్టి చెప్పింది నేను కదా.

మంగళవారం మధ్యాహ్నం అక్క ముందు పంచాయితీ పెట్టాను. ఆయన చెప్పడు, నేను చెప్పాను. మింగలేక కక్కలేక ఆయన కంచం ముందు కూర్చున్నాడు. అక్క మొత్తం విని, "అయితే మా నాన్నను మోసం చేసి నన్ను కట్టుకున్నావన్నమాట" అంది. ఆమె నవ్విందో కోప్పడిందో మా ఇద్దరికీ అర్థం కాలేదు.

"చెప్తే మీ నాన్న నన్ను గెంటేసేవాడు" అన్నాడు బావ.

"గెంటేవాడు కాదు. రెండు తిట్టి, రాత్రంతా కూర్చుని కొత్త ఇరుసు చేసిపెట్టేవాడు. పొద్దున్నే పెళ్లి మాట మాట్లాడేవాడు. ఆయన దగ్గర నాలుగేళ్లు పని చేసి నీకు మా నాన్న అర్థమైంది ఇంతేనా?" అంది అక్క. "దొరుకుతావని భయపడి నువ్వు దాచావు. దాచినదానికి ఆ ముసలావిడకు శిక్ష పడుతోంది. గురువారం దాకా ఆగుతావా, ఇప్పుడే పోతావా?"

"ఆమె ఇల్లెక్కడో నాకు తెలీదు" అన్నాడు చిన్నగా. నిజంగానే మాకెవరికీ తెలీదు. ఆ రెండు రోజులూ మా ఇంట్లో ఆయనతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. ఆ నర్సమ్మ ఇంట్లో నాలుగు నెలలు ఎలా గడిచాయో కాస్తయినా తెలియాలని నేను కావాలనే మాట్లాడలేదు.

గురువారం నర్సమ్మ రాగానే బావ లేచి నిలబడ్డాడు. నిలబడే చెప్పాడు. ఇరుసు విరిగిన సంగతి, మిషన్ మార్చిన సంగతి, సోమవారం దాచిన సంగతి. ఒక్కటీ మినహాయించుకోలేదు. ఆవిడ వింటూ బల్ల అంచు పట్టుకుంది. తిడుతుందనుకున్నాను. "సోమవారమే చెప్పి ఉంటే మూడు రోజులు మిగిలేవి" అంది.

"మా పాత మిషన్ ఏమైంది?" అని అడిగింది.

బావ కింది అర లోపలికి చెయ్యి పోనిచ్చి దగ్గుబిళ్లల డబ్బా ఒకటి తీశాడు. లోపల నూనె కాగితంలో చుట్టి, చిల్లరబిళ్లంత మిషన్. పారేయడానికి మనసొప్పలేదట, తిరిగి చూడడానికి ధైర్యం చాల్లేదట. యాభై ఏళ్లలో నూనె ఎండి, మసి పట్టి నల్లగా ఉంది. నంబరు కనపడదు. "తుడిస్తే కనపడుతుందమ్మా. ఒక్క నిమిషం" అన్నాడు.

"ఇక్కడ వద్దు. మా అమ్మ ముందు తుడవండి. ఆవిడ ముందే చదవండి. నా నోటితో చెప్తే వినదు" అంది నర్సమ్మ.

పెట్రోలు సీసా, బ్రష్షు, భూతద్దం, నోటుబుక్కు సంచిలో వేసుకుని బావ బయల్దేరాడు. షాపు మూసి నేనూ వెళ్లాను. నన్ను ఎవరూ పిలవలేదు. ఆ వయసులో దారిలో పడితే పట్టుకోడానికి ఒకడుండాలి కదా.

ఆమె ఇల్లు ఇస్త్రీ షాపు పైన రెండు గదులు. మెట్లెక్కుతుంటే తడి బట్టల ఆవిరి వాసన. ముందు గదిలో కిటికీ పక్కన ఇనప మంచం. స్టూలు మీద పొద్దుటి మందులు ఒక గిన్నెలో, మధ్యాహ్నానివి ఇంకో గిన్నెలో. తల్లిని ఏ గంటకు ఏ పక్కకు తిప్పి పడుకోబెట్టాలో రాసి గోడకు చీటీ అంటించి ఉంది. దుప్పటి మీద ఒక్క ముడత లేదు. ఇంత సేవా నోరు మెదపకుండా జరుగుతోంది.

పెద్దావిడ చిన్న మనిషి. జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది. కళ్లు మాత్రం చురుకు. "ఎవరు నాయనా?" అంది మమ్మల్ని చూసి. కూతురు వైపు చూడలేదు.

బావ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "అమ్మా, డెబ్బై ఒకటిలో మీరీ వాచీ మా షాపులో ఇచ్చారు. అప్పుడు తీసుకున్నది నేనే."

ఆవిడ కాసేపు చూసి, "బక్కగా ఉండేవాడివి. జేబు మీద సిరా మరక" అంది.

"అవునమ్మా" అని మొత్తం మళ్లీ చెప్పాడు.

"చప్పుడు మారిందని నేనప్పుడే అడిగాను" అంది.

బావ తల దించుకున్నాడు. "అడిగారమ్మా. కొత్త నూనె పోశాను, అందుకే మారిందని చెప్పాను."

"దిండు కింద పెట్టుకుని పడుకునేదాన్ని. ఎనిమిదేళ్లు విన్న చప్పుడు నాకు తెలీదా? పని తెలిసినవాడివి, నువ్వే చెప్తున్నావు కదా అని, నా చెవులదే తప్పనుకున్నాను. అదివరకటిలా వినపడుతుందేమోనని చాలాకాలం విన్నాను."

ఆ మాటతో బావ నేల మీద కూలబడ్డాడు. "తిట్టండమ్మా" అన్నాడు.

"తిట్టి ఏం చెయ్యను? కుర్రవాడివి. భయపడ్డావు. లే, నేల చల్లగా ఉంటుంది."

అంత తేలిగ్గా ఆయన్ను వదిలేసింది. పరాయివాణ్ని క్షమించడం ఎంతసేపు! కూతురు మంచం పక్కనే నిలబడి ఉంది, ఆవిడకు కనపడనట్టే ఉంది.

"విన్నావు కదమ్మా" అంది నర్సమ్మ. "ఆ అరవై ఎనిమిదిది నాన్న మిషన్ కాదు. నాన్నది ఇదిగో. మాస్టారు ఇప్పుడే నంబరు చదువుతారు. నోటుబుక్కులో చూస్తే తేలిపోతుంది."

పెద్దావిడ మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది.

బావ స్టూలు లాక్కుని, బ్రష్షు పెట్రోల్లో ముంచి మిషన్ మీద రుద్దాడు. మసి కరిగి కాగితం మీద నల్లగా పారింది. కింద పసుపురంగు లోహం బయటపడింది. భూతద్దం కంటికి బిగించాడు. "ఆ, వస్తోంది. అంకెలు కనపడుతున్నాయి. ఒక్క నిమిషం." నేను నోటుబుక్కు తెరిచి పట్టుకున్నాను. అప్పుడే నాకు పెద్దావిడ చెయ్యి కనపడింది. దుప్పటి అంచును పిడికిట్లో బిగించి పట్టుకుంది. వేళ్లు తెల్లబడ్డాయి. ఎనభై రెండేళ్ల మనిషిని మంచంలో పడుకోబెట్టి మళ్లీ విచారణ చేస్తున్నాం. ఛీ అనిపించింది.

నర్సమ్మకు కూడా ఆ చెయ్యే కనపడింది. నలభై ఏళ్లు రోగుల చేతులు చూసిన మనిషి. ముందుకు వంగి, మిషన్ మీద తన అరచెయ్యి మూత పెట్టేసింది.

"వద్దు మాస్టారు గారూ."

"అమ్మా, వచ్చేసింది, ఒక్క..."

"చదవొద్దన్నాను కదండీ. యాభై తొమ్మిది అని వచ్చిందనుకోండి. ఎవరో వాడిందే కొనుక్కుందంటారు. అది కాదని రుజువు తెస్తే ఇంకోటంటారు. అనేవాళ్లు అంటూనే ఉంటారు. వాళ్లలో నేనెందుకు కలిశానా అని ఏడుపొస్తోంది." మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "అమ్మా, ఏ నంబరూ వద్దు. నాన్న వచ్చిన రోజు సంగతి నువ్వే చెప్పు. నువ్వెలా చెప్తే అలాగే."

కింద షాపులో ఇస్త్రీ పెట్టె బల్ల మీద దబ్బుమని దించుతున్న చప్పుడు వినపడింది. ఒకసారి, రెండోసారి. బావ భూతద్దం తీసి చేతిలో పట్టుకున్నాడు. నేను నోటుబుక్కు మూసేశాను. పెద్దావిడ కిటికీ వైపే చూస్తోంది. ఇక మాట్లాడదు, మేం పోవడం మంచిది అనుకున్నాను.

"ఈ మాట అడగడానికి నీకు నాలుగు నెలలు పట్టిందా?" అంది.



పెద్దావిడ మెల్లగా ఇటు తిరిగింది. "అబద్ధం చెప్పాను. నిజమే" అంది.

బావ చెయ్యి నా భుజాన్ని పట్టుకుంది. ఓరి భగవంతుడా, ఇదేమిటి అనుకున్నాను.

"వాచీ నీకని ఇచ్చి వెళ్లాడని చెప్పాను కదా. ఇవ్వలేదే. నువ్వొచ్చి ఎందుకు అబద్ధం చెప్పావని అడిగేసరికి, ఎలాగో అది నీకు తెలిసిపోయిందనుకున్నాను. అరవై ఏళ్లు చెప్పిన మాట. ఏ మొహం పెట్టుకుని నీతో మాట్లాడను?"

"మరి వాచీ..."

"చెప్తున్నాను కదా, ఉండు" అంది. ఊపిరి తీసుకుంది. "నిన్ను ఎత్తుకోడానికి భయపడ్డాడు. రాళ్లు కొట్టే చేతులు. కడుక్కున్నాడు, తుడుచుకున్నాడు, మళ్లీ కడుక్కున్నాడు. ఎత్తుకోబోయి ఆగిపోయాడు. ఇనప వాచీ, పసిదానికి గీసుకుంటుంది అని విప్పి కిటికీలో పెట్టాడు. అప్పుడెత్తుకున్నాడు. ఇక దించలేదు. నేను అన్నం తినమన్నా దించలేదు. బండి వెళ్లిపోతుంది మహాప్రభో అని నేను అరిస్తే, నిన్ను నా పక్కలో పడేసి పరుగు తీశాడు. వాచీ మరిచిపోయాడు. పైనెలలో వచ్చి తీసుకుంటాడులే అనుకున్నాను."

నర్సమ్మ తల్లి చెయ్యి పట్టుకుంది. పెద్దావిడ లాక్కోలేదు.

"మరిచిపోయాడని చెప్తే నీకు చిన్నతనంగా ఉంటుందనిపించింది. తండ్రి నీకంటూ ఏదో ఇచ్చాడని ఉంటే బాగుంటుంది కదా. అందుకని ఇచ్చాడన్నాను. తప్పే."

నర్సమ్మ ఏడుస్తోంది. ఏడుస్తూనే చిన్నపిల్లలా అడిగింది. "ఎంతసేపు ఎత్తుకున్నాడమ్మా?"

"ఏమో" అంది పెద్దావిడ. "వాచీ కిటికీలో ఉంది కదే. టైమెవరు చూశారు?"